మీరు వెళ్ళి రండర్రా

వేసవి సెలవులు వచ్చాయంటే విశాఖపట్నంలో ఇల్లున్న ప్రతివాడికీ చుట్టాలు పెరుగుతారు. ఇది ఫిర్యాదు కాదు. సముద్రం పక్కన కాపురం పెట్టినందుకు కట్టవలసిన సుంకం అనుకుంటాను నేను. రైలు దిగిన పిల్లలు కాళ్ళయినా కడుక్కోకుండా అడిగే మొదటి ప్రశ్న "బీచికి ఎప్పుడు?" అని. పెద్దలు కాఫీ తాగి, కాస్త నడుం వాల్చి లేచాక అడిగేది వేరొకటి. "అందరం కలిసి వెళ్ళి కూర్చోగలిగే పార్కు ఏదైనా ఉంటే చెప్పు." మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. రెండవదానికి, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న నేను, ఇప్పటికీ తడుముకుంటూనే ఉన్నాను.

పార్కులు లేక కాదు. బీచి రోడ్డున వుడా పార్కు ఉంది. కొండ మీద కైలాసగిరి ఉంది, ఆ కొండ పాదాల దగ్గర తెన్నేటి పార్కు ఉంది. ఊరి నడిబొడ్డున, పాత జైలు స్థలంలో వెలసిన సెంట్రల్ పార్కు ఉంది. శివాజీపాలెంలో శివాజీ పార్కు, ఊరి వెనక కొండల నడుమ ముడసర్లోవ, ఇవన్నీ కాక వందల ఎకరాల జంతు ప్రదర్శనశాల. లెక్కకు కొదవ లేదు. "అందరం కలిసి" అన్న రెండు మాటల దగ్గరే చిక్కంతా.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు అరిగాయని డాక్టరుగారు చెప్పి చాలా కాలమైంది. ఆవిడను వెంటబెట్టుకుని ఏ పార్కుకు వెళ్ళినా, ఎక్కడో ఒక చోట, సాధారణంగా గేటు దాటిన పది అడుగులకే, ఆవిడ నోట ఒక వాక్యం వెలువడుతుంది. "మీరు వెళ్ళి రండర్రా, నేనిక్కడ కూర్చుంటాను." మేము వెళతాము. గంటో రెండు గంటలో తిరిగి వస్తాము. ఆవిడ చెప్పుల కుప్ప పక్కన, సంచులకు కాపలాగా, కొంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంటుంది. "బాగుందా?" అని ఆవిడే మమ్మల్ని అడుగుతుంది. మన ఇళ్ళల్లో ఈ వాక్యం ఎంత మామూలంటే, దాన్ని విన్నామని కూడా మనకు గుర్తుండదు. పత్రికల్లో "కుటుంబ సమేతంగా చూడదగిన ప్రదేశాలు" అన్న శీర్షిక కనబడినప్పుడల్లా నాకొక అనుమానం వస్తుంది: ఇది రాసినవారు కుటుంబం అంటే ఎవరెవరిని లెక్కపెట్టారు?

కాబట్టి ఏ పార్కునైనా కొలవడానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే. అక్కడ మా అమ్మ ఆ మాట అంటుందా, అనదా?

ఈ కొలత ప్రకారం చూస్తే ముందుగా తీసివేయవలసింది సముద్రాన్నే. ఈ మాటకు విశాఖ మిత్రులు నన్ను వెలివేసినా ఆశ్చర్యం లేదు. కానీ ఆర్కే బీచి చూడడానికి ఎంత అందమో, దిగడానికి అంత చెడ్డది. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. కెరటం వెనక్కి మళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను ఊడ్చుకుపోతుంది. మోకాలి లోతు అనుకున్నది మరు క్షణంలో నడుము లోతవుతుంది. స్నేహితులతో సరదాగా వచ్చి, తిరిగి వెళ్ళని కుర్రవాళ్ళ వార్తలు మేము ఏటా చదువుతూనే ఉన్నాం. పిల్లవాణ్ణి తీసుకుని కెరటాల దగ్గరకు వెళ్ళిన తల్లి సముద్రాన్ని చూడదు, పిల్లవాడి చొక్కానే చూస్తూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఇసుకలో వంద అడుగులంటే మెరకలో మైలు నడిచినట్టు. సముద్రం ఉన్న ఊరికి పార్కు ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఇదే. సముద్రం ఉన్న ఊరికే పార్కు మరీ అవసరం.

కైలాసగిరి గురించి చెప్పవలసి వస్తే నాకు రెండు మనసులుంటాయి. సుమారు 380 ఎకరాల కొండ. శివపార్వతుల తెల్లని విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, తీగ మీద నడిచే రోప్‌వే, వీటికి తోడు 2025లో కట్టిన గాజు వంతెన. అక్కడ నిలబడితే ఒక పక్క ఊరు, ఒక పక్క సముద్రం, ఈ రెంటి మధ్య దారపు పోగులా బీచి రోడ్డు. బయటి ఊరి చుట్టాన్ని అక్కడకు తీసుకువెళ్ళకపోతే ఆతిథ్యంలో లోటే. కానీ అక్కడి ఏర్పాటంతా "చూడు, ఫొటో తీసుకో, తరువాతి చోటికి నడువు" అన్నట్టుగా ఉంటుంది. దృశ్యం ఒక చోట, నీడ మరొక చోట. ఎక్కడ సముద్రం బాగా కనబడుతుందో అక్కడ ఎండ నడినెత్తిన ఉంటుంది. మా అమ్మ కైలాసగిరికి నాలుగుసార్లు వచ్చింది. ఆవిడ చూసిన కైలాసగిరి, రైలెక్కే చోటి దగ్గర ఒక అరుగు.

సబ్‌మెరైను మ్యూజియం పార్కు కాదు కానీ, పిల్లలతో వచ్చినవారు దాన్ని వదలరు. 2002లో కురుసురను ఒడ్డుకు చేర్చి జనానికి తెరిచినప్పటి నుంచి లెక్కపెడితే, నేను చుట్టాలతో దాని లోపలకు వెళ్ళినన్నిసార్లు అందులో పనిచేసిన నావికులు కూడా వెళ్ళి ఉండరనుకుంటాను (అతిశయోక్తికి క్షమించాలి). లోపల ఒక గదిలో నుంచి మరొక గదిలోకి గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. అది యుద్ధనౌక, అమ్మమ్మల కోసం కట్టింది కాదు. అక్కడ ఆ వాక్యం వినబడితే నేనేమీ అనుకోను. పార్కులో వినబడితేనే బాధ.

ఇక వుడా పార్కు. కాగితాల మీద దాని పేరు తారకరామ పార్కు. ఆ సంస్థ పేరు కూడా 2018లో మారి వీఎంఆర్‌డీఏ అయింది. అయినా ఆటోవాడికి ఇప్పటికీ వుడా పార్కు అనే చెప్పాలి. సుమారు 55 ఎకరాల స్థలం. దీని గురించి నేను నిష్పక్షపాతంగా రాయలేను. మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత వారానికి రెండు మూడు సాయంత్రాలు అమ్మను తీసుకుని అక్కడకు వెళ్ళేవారు. లోపల ఒక పెద్ద నిద్రగన్నేరు ఉండేది. దాని కింద కూర్చుని ఆయన పేపరు చదివేవారు (పొద్దుటి పేపరే, సాయంత్రం రెండోసారి), ఆవిడ వచ్చేపోయే వాళ్ళ చీరలు చూసేది. పిల్లలు స్కేటింగు రింకు దగ్గర ఎంత సేపు ఆడినా, ఆకలేస్తే ఎక్కడకు రావాలో వాళ్ళకు తెలుసు. ఆ చెట్టు మా ఇంటికి వాయవ్య మూల గదిలాంటిది అనేవారు నాన్నగారు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు గురించి విశాఖవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, తక్కినవారికి చెప్పినా తెలియదు. గాలి ఆగిన తరువాత మర్నాడు బయటకు వస్తే ఊరు ఊరులా లేదు. కొండలు పచ్చదనమంతా పోయి, నిప్పంటుకున్నట్టు గోధుమరంగుకు తిరిగాయి. వీధుల్లో చెట్లు వేళ్ళతో సహా పెకలించుకుని అడ్డంగా పడి ఉన్నాయి. మా వీధిలో తురాయిలు ఒక్కటి మిగల్లేదు. తాడిచెట్లు మాత్రం, జుట్టు పీకేసిన ముసలివాళ్ళలా, నిలబడే ఉన్నాయి. పది పదిహేను రోజుల తరువాత నాన్నగారు ఒక్కరే వుడా పార్కు దాకా నడిచి వెళ్ళి వచ్చారు. లోపలకు వెళ్ళనివ్వలేదట. ఊచల్లోంచి చూశారట. "మన చెట్టు లేదు" అని అమ్మతో అన్నారు, అంతే. మరుసటి ఏడు ఆయన పోయారు. పార్కును తరువాత మళ్ళీ తీర్చిదిద్దారు. పిల్లలకు నచ్చుతుంది కూడా. అమ్మ మాత్రం అక్కడకు వస్తానని ఎన్నడూ అనలేదు, మేమూ అడగలేదు.

ఆ ఒక్క చెట్టు కోసం నేను ఇంత రాయడం లేదు. పడినవాటి స్థానంలో ఏం నాటాలన్నది అసలు ప్రశ్న. ఉప్పు గాలికి తట్టుకునే చెట్లు మన తీరానికి కొత్త కాదు. గంగరావి, పొన్న, కానుగ, వేప, బాదం... ఇవన్నీ మన పల్లెల్లో చెరువుగట్ల మీద, గుడి వెనక, ఇసుక దిబ్బల పక్కన, ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరిగినవి. పొన్నచెట్టు నీడ ఎంత చిక్కనిదో, దాని కింద మధ్యాహ్నం పడుకున్నవాణ్ణి అడగాలి. అయితే పొన్న నిదానంగా పెరుగుతుంది. ప్రారంభోత్సవం రోజుకు పచ్చగా, నిటారుగా, వరుసగా కనబడవలసిన అవసరం ఉన్నవారికి అది పనికిరాదు. అందుకని లారీల మీద తెచ్చిన అలంకారపు తాటిజాతి మొక్కలు వస్తాయి. అవి చూడముచ్చటగానే ఉంటాయి. వాటి నీడలో కూర్చోవాలంటే మాత్రం మనిషి కర్రలా సన్నగా ఉండాలి, పైగా నిమిష నిమిషానికీ జరుగుతూ ఉండాలి.

నీడ అనగానే జంతు ప్రదర్శనశాల గుర్తుకు వస్తుంది. కంబాలకొండ అడవి అంచున, 1977లో తెరిచిన చోటు, 625 ఎకరాలు. అక్కడ నిజమైన నీడ ఉంది, నడవలేనివారికి బ్యాటరీ బళ్ళున్నాయి. బండిలో కూర్చున్నంత సేపు అందరం కలిసే ఉంటాము. నా కొలతకు చాలావరకు నిలిచిన చోటు అదే. సోమవారం సెలవన్నది మరచిపోయి వెళ్ళేవారి కోసం ఆ ఒక్క ముక్క ఇక్కడ చెబుతున్నాను. మా మేనల్లుడి ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. ఏమైనా, అది ఏడాదికి ఒకసారి వెళ్ళే చోటే తప్ప సాయంత్రం అలా వెళ్ళి వచ్చేది కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న చోటికి వస్తాను.

రెండేళ్ళ క్రితం మే నెలలో మా చెల్లెలు పిల్లలతో వచ్చింది. అందరం కలిసి ఒక పార్కుకు వెళ్ళాము. ఏ పార్కో చెప్పను, ఏదైనా కావచ్చు. అమ్మ యథాప్రకారం గేటు దగ్గర బల్ల మీద కూలబడి, ఆ వాక్యం చెప్పింది. మేము లోపలకు వెళ్ళాము. గంట తరువాత తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని పక్కనున్న స్తంభానికి ఆనుకుని ఉంది. పిలిస్తే పలికింది కానీ మాట ముద్దగా వచ్చింది. నీళ్ళ సీసా ఆవిడ ఒళ్ళోనే ఉంది, మూత తీయలేదు. నేను కోప్పడ్డాను. ఎండ ఇంతగా ఉంటే నీళ్ళు తాగకుండా కూర్చోవడం ఏమిటని. చెల్లెలు నన్ను పక్కకు లాగి, తగ్గు గొంతుతో అంది.

"అన్నయ్యా, అమ్మ పొద్దున కాఫీ తరవాత గుక్కెడు నీళ్ళు తాగలేదు. బయటికి వెళ్తున్నామంటే ఎప్పుడూ అంతే. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఆ పార్కులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. కాపలా మనిషిని అడిగితే తాళంచెవి వేరొకరి దగ్గర ఉందన్నాడు, ఆ వేరొకరు భోజనానికి వెళ్ళారన్నాడు. అమ్మ గేటు దగ్గర కూర్చోవడానికి మోకాళ్ళు సగమే కారణమట. లోపలకు వెళ్ళి, దూరం నడిచి, అక్కడ అవసరం పడితే ఏం చేయాలన్న భయం తక్కిన సగం. నాన్నగారితో వుడా పార్కుకు వెళ్ళిన రోజుల్లో కూడా మధ్యాహ్నం నుంచి నీళ్ళు మానేసేదట. నాన్నగారికి కూడా తెలియదు. ముప్ఫై ఏళ్ళు ఆవిడ పక్కనే కూర్చున్న మగవాళ్ళం ఇద్దరం, ఆవిడ దాహాన్ని ఓపిక అనుకున్నాము.

ఆ రోజు నుంచి పార్కులను నేను చూసే పద్ధతి మారింది. గేటు దాటగానే సంగీత ఫౌంటెను ఎక్కడ అని చూడను. మరుగుదొడ్డి ఎంత దూరం, తలుపుకు గొళ్ళెం ఉందా, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా, అక్కడికి వెళ్ళే దారిలో మెట్లెన్ని, దీపం ఉందా అని చూస్తాను. దీపం సంగతి ఎందుకంటే, తూర్పు తీరంలో పొద్దు తొందరగా గూకుతుంది. సూర్యుడు కొండల వెనక్కి జారుకుంటే డిసెంబరులో ఐదున్నరకే చీకటి మొదలవుతుంది. ఉద్యోగం నుంచి వచ్చి పిల్లలను తీసుకువెళ్ళేవాడికి ఈ ఊరి పార్కు అంటే దీపాల వెలుగులోని పార్కే. బీచి రోడ్డున వికలాంగులైన పిల్లల కోసం ప్రత్యేకంగా ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. కాకపోతే ఆ ఆలోచన ఒక పార్కుకు పేరుగా ఆగిపోకుండా, ప్రతి పార్కుకూ నియమంగా ఉండవలసింది కదా అనిపించింది.

నాతో విభేదించేవారు అనే మాట నాకు తెలుసు. పిల్లలు నీడ కోసం, బల్లల కోసం రారు, ఆటల కోసం వస్తారు. ఆటలకు టికెట్టు పెడితేనే పార్కు నిర్వహణకు డబ్బు వస్తుంది. ఈ రెండో మాటను నేను కాదనను. తోటమాలికి జీతం ఎక్కడి నుంచో రావాలి. కానీ సముద్రపు గాలిలో ఇనుము ఎంత కాలం బతుకుతుందో ఒకసారి చూడండి. ఉయ్యాల గొలుసు రెండేళ్ళకు పెళుసెక్కుతుంది, జారుడుబల్ల అంచు తుప్పుపట్టి కత్తిలా తేలుతుంది, తిరుగుడు చక్రం తిరగడం మానేస్తుంది. రంగులు వేసిన బొమ్మ తొలి ఏడాది ఆకర్షణ, మూడో ఏడాది ప్రమాదం. ఒడ్డుకు మరీ దగ్గరగా కట్టినవాటి గతి మరొకటి. 2021 డిసెంబరులో జవాద్ తుపాను రోజుల్లో సముద్రం ముందుకు వచ్చి, బీచి రోడ్డు పక్కన పిల్లల పార్కు దగ్గర నేల కుంగిపోయింది, ప్రహరీ కూలింది. అదే డబ్బుతో నాటిన గంగరావి ఆ మూడేళ్ళలో మనిషెత్తు దాటి ఉండేది. ఇక పిల్లల సంగతా... ఇసుక కుప్ప, నీళ్ళ కుళాయి, ఎక్కడానికి ఒక వంగిన కొమ్మ, ఇవి మూడూ ఉన్న చోట పిల్లవాడు "ఇంటికి పోదాం" అన్నట్టు నాకు గుర్తు లేదు.

తెన్నేటి పార్కు నాకు ఇష్టం. తెన్నేటి విశ్వనాథంగారి పేరు పెట్టిన చోటు కావడం ఒక కారణం. ఉక్కు కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమానికి ముందు నిలిచిన మనిషి, ప్రకాశం పంతులుగారి ఆత్మకథకు చివరి భాగం రాసిపెట్టిన మనిషి. ఆయన పేరు కింద కూర్చోవడం బాగుంటుంది. రెండవ కారణం, అది ఒడ్డుకు కాస్త ఎత్తున ఉండడం. కూర్చున్న చోటి నుంచే సముద్రం మొత్తం కనబడుతుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలికి కొట్టుకువచ్చి ఆ ఒడ్డునే మేట వేసినప్పుడు, ఊరంతా అక్కడకు తరలింది. మేము కూడా వెళ్ళాము. అమ్మ బల్ల మీద కూర్చునే ఓడను చూసింది. మెట్లు దిగి దగ్గరకు వెళ్ళినవాళ్ళ కంటే తనకే బాగా కనబడిందని ఇప్పటికీ వాదిస్తుంది.

అయితే ఈ కథలో చివరికి గెలిచింది ఏ పేరున్న పార్కూ కాదు.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కాలనీ పార్కు ఉంది. పావుగంటలో మూడు చుట్లు తిరగవచ్చు, అంతే దాని పరిమాణం. రెండు ఉయ్యాలల్లో ఒకటి తెగి ఉంది. "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాసిన సిమెంటు బల్లలు ఎనిమిది, హుద్‌హుద్‌కు నిలిచిన రెండు గంగరావి చెట్లు, వాటి కింద రాలిన పసుపు పూలు. దానికి కూడా పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తాళమే. నడకవాళ్ళ కోసమే పార్కు అన్నట్టు. మా ఇంట్లో పదకొండు గంటలకు పనులన్నీ తీరి ఖాళీగా ఉండే మనిషికి అది అందదు. తాళం తీయించడానికి నేను మూడుసార్లు అర్జీ పెట్టాను, నాలుగోది రాస్తున్నాను. కానీ నాలుగు దాటాక మాత్రం అమ్మ కర్ర పుచ్చుకుని తానే బయలుదేరుతుంది. వెళ్ళే ముందు వంటింట్లో నిలబడి గ్లాసుడు నీళ్ళు తాగుతుంది. అవసరమైతే ఇల్లు ఐదు నిమిషాల దూరంలోనే ఉంది కదా.

ఒడ్డున మరొక పెద్ద పార్కుకు శంకుస్థాపన చేసే ముందు, ఊరి లోపల ఇలాంటి పార్కులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నిటికి తాళాలున్నాయో, ఎన్నిటిలో నాలుగు చెట్ల నీడ ఉన్నదో లెక్క తీయమని నా మనవి. చుట్టాలు వచ్చేది మేలో. మిగిలిన పదకొండు నెలలూ ఈ ఊళ్ళో ఉండేది మేమే.

మొన్న వేసవిలో చెల్లెలి పిల్లలను కూడా అక్కడికే తీసుకువెళ్ళాను. ముందు ముఖాలు ముడుచుకున్నారు. తరువాత ఎవరో పోసి వదిలేసిన ఇసుక కుప్ప దొరికింది. అమ్మ గంగరావి కింద బల్ల మీద, మరో ఇద్దరు పెద్దావిడలతో, ఊరగాయ కారం ధర గురించి మాట్లాడుతూ ఉంది. ఏడున్నర అయింది. దోమలు మొదలయ్యాయి, పిల్లలకు ఆకలి మొదలైంది, ఇక లేద్దామని దగ్గరకు వెళ్ళాను.

"మీరు వెళ్ళండర్రా," అంది. "నేనింకాసేపు కూర్చుని వస్తాను."